జర్నలిజం కోర్సులో చేరాలా? ఫీజు కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఒకసారి, డిగ్రీ చివరి సెమిస్టర్ అయ్యాక మరోసారి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "జర్నలిజం చేస్తే ఉద్యోగం గ్యారంటీనా?" "ఐదు లక్షలు అడుగుతున్నారు, పెట్టొచ్చా?" "మావాడికి రాయడం బాగా వచ్చు, ఎక్కడ చేర్పించమంటారు?" ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పేకంటే లెక్క వేసే పద్ధతినే రాసి పెడితే మేలనిపించింది. మీ అంకెలు మీరే వేసుకోండి. నాకు తోచిన అభిప్రాయాలు మధ్యమధ్యలో చెబుతాను, నచ్చకపోతే వదిలేయండి.

ముందు ఒక సంగతి తెలియాలి. మన దేశంలో విలేకరి కావడానికి లైసెన్సు అక్కర్లేదు. డిగ్రీ లేని డాక్టరు నేరస్థుడు, జర్నలిజం డిగ్రీ లేని విలేకరి మామూలు విలేకరి. తెలుగు న్యూస్‌రూముల్లోకి వెళ్లి చూస్తే తెలుగు ఎంఏలు, బీకాంలు, బీఎస్సీలు, బీటెక్‌లు కూడా కనిపిస్తారు. కాబట్టి "డిగ్రీ మంచిదా కాదా" అని అడగడం దండగ. మీరు కోరుకునే ఉద్యోగం ఆ కాగితాన్ని అడుగుతుందా, అడిగితే అంతకంటే చవగ్గా ఎక్కడ దొరుకుతుంది అన్నదే చూడాలి.

కావలసినవి

- ఒక నోటుబుక్కు, లేదా ఫోన్లో ఎక్సెల్.
- కాలేజీ ఆఫీసు ముద్ర వేసి ఇచ్చిన ఫీజుల వివరం. ఫోన్లో కౌన్సెలర్ చెప్పిన అంకె పనికిరాదు.
- అదే కోర్సు గత రెండేళ్లలో పూర్తి చేసిన ముగ్గురి ఫోన్ నంబర్లు. కాలేజీ వాళ్లు ఇచ్చినవి కాకుండా మీరు వెతికి పట్టుకున్నవి.
- డెస్కులోనో (వార్తలు దిద్ది పేజీకెక్కించే చోటు) రిపోర్టింగ్‌లోనో పనిచేస్తున్న ఒక్కరైనా తెలిసినవాళ్లు.
- ఇంట్లో వాళ్లు అప్పు చేయకుండా ఎంత పెట్టగలరో ఉన్నదున్నట్టు చెప్పిన అంకె.
- ఓ నెల రోజుల ఓపిక.

1. ఏ ఉద్యోగం కావాలో ఒక్క వాక్యంలో రాయండి

"మీడియాలో స్థిరపడాలి" అని రాస్తే లెక్క ముందుకు కదలదు. "తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్", "టీవీలో రిపోర్టర్", "ఇంగ్లిష్ వెబ్‌సైట్‌లో బిజినెస్ వార్తలు", "పెద్ద కంపెనీలో పీఆర్ (పౌర సంబంధాలు)", "యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్" ఇలా రాయాలి. రెండు రాయండి, మూడోది వద్దు.

యాంకర్ కావాలని రాసినవాళ్లకు ఒక మాట. ఎంపికలో గొంతు, ఉచ్చారణ, కెమెరా ముందు తడబడకపోవడం చూస్తారు. స్క్రీన్ టెస్టు మీద తేలే ఆ పనికి రెండేళ్ల పీజీ అవసరమా అన్నది బాగా ఆలోచించాలి.

2. ఆ ఉద్యోగం డిగ్రీ అడుగుతుందో లేదో నోటిఫికేషన్లో చూడండి

గత మూడు నాలుగేళ్ల ప్రకటనలు తీసి 'అర్హతలు' అన్న చోట గీత గీయండి. మామూలుగా తేలేది ఇదీ.

జర్నలిజం కాగితం తప్పనిసరి అయ్యే చోట్లు తక్కువ. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే సంబంధిత పీజీలో 55 శాతం మార్కులు (రిజర్వేషన్ వర్గాలకు 50), దాని మీద మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం సబ్జెక్టులో యూజీసీ నెట్ (అధ్యాపకుల అర్హత పరీక్ష) లేదా రాష్ట్ర సెట్ లాంటి అర్హత కావాలి. రాష్ట్ర సమాచార పౌర సంబంధాల శాఖలోని పీఆర్వో తరహా పోస్టులకు, ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాల క్యాజువల్ ప్యానెళ్లకు (అవసరమైనప్పుడు పిలిచే తాత్కాలిక జాబితాలు) జర్నలిజం డిగ్రీనో డిప్లొమానో అడగడం మామూలే. కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగాల్లో పనిచేసే ఇండియన్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సంగతి తమాషాగా ఉంటుంది. సివిల్స్ రాసి గ్రూప్ ఏలోకి వెళ్లడానికి ఏ డిగ్రీ అయినా చాలు, అంతకంటే కింద ఉన్న గ్రూప్ బి పోస్టులకే జర్నలిజం అర్హత కావాలి.

దినపత్రికలు, న్యూస్ చానళ్లు, వెబ్‌సైట్ల వైపు వస్తే "ఏదైనా డిగ్రీ" అని రాసి పరీక్ష పెట్టేవే ఎక్కువ. పరీక్షలో ఏముంటుంది? ఇంగ్లిష్ ఏజెన్సీ వార్త ఇచ్చి తెలుగులో రాయమంటారు, శీర్షిక పెట్టమంటారు, వర్తమాన వ్యవహారాలు అడుగుతారు. ఇందులో దేనికీ కాన్వొకేషన్ గౌను అక్కర్లేదు.

హెచ్చరిక: మండల స్థాయి కంట్రిబ్యూటర్ పనిని 'ఉద్యోగం' గళ్లో వేసుకోవద్దు. చాలా చోట్ల నెల జీతం ఉండదు. అచ్చయిన వార్త కొలతను బట్టి లైన్ అకౌంట్ ఇస్తారు, ప్రకటనల టార్గెట్ మెడకు చుట్టుకుంటుంది. పని నేర్చుకోవడానికి మంచి చోటే కానీ ఈఎంఐ కట్టడానికి కాదు. ఇక బండి మీద 'ప్రెస్' అని రాయించుకోవాలనే సరదా ఉంటే స్టిక్కర్ షాపు చాలు.

3. ఒకే గమ్యానికి ఉన్న దారులను చవక నుంచి ఖరీదు వరుసలో రాయండి

లెక్కలో తేడా కొట్టేది ఇక్కడే. మొదట కనిపించిన ప్రైవేటు యూనివర్సిటీ హోర్డింగ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. దాని కింద ఇంకా మెట్లున్నాయని తెలియదు.

(అ) పత్రికల సొంత స్కూళ్లు. ఈనాడు జర్నలిజం స్కూల్ వీటిలో పేరున్నది. సాక్షి, ఆంధ్రజ్యోతి కూడా ఈ పద్ధతిలో మనుషుల్ని తీసుకున్నాయి. డిగ్రీ ఉన్నవాళ్లు ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ దాటితే శిక్షణ కాలంలో స్టైపెండ్ ఇస్తారు. అంటే ఫీజు కట్టాల్సింది పోయి మీ చేతికే డబ్బు వస్తుంది. తెలుగులో డెస్క్ పని కావాలనుకునేవాళ్లు ముందు ఈ తలుపు తట్టకుండా ఎక్కడా డబ్బు కట్టొద్దన్నది నా గట్టి అభిప్రాయం. బదులుగా కొన్నేళ్లు అక్కడే పనిచేస్తామని ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, పోస్టింగ్ ఏ ఊరికైనా వేస్తారా అన్నవి చదివాకే పెట్టండి. ఇక్కడ వచ్చే శిక్షణ ధ్రువపత్రం నెట్ రాయడానికి అక్కరకు రాదు, అదీ గుర్తుంచుకోండి.

(ఆ) ప్రభుత్వ యూనివర్సిటీలు. ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది, ప్రవేశం తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ ద్వారా. ఆంధ్రా యూనివర్సిటీ లాంటి చోట్లకు ఏపీ పీజీసెట్ రాయాలి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సరోజినీ నాయుడు (ఎస్.ఎన్.) స్కూల్ కింద కమ్యూనికేషన్ విభాగం ఉంది, దానికి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంగ్లిష్ బలంగా ఉన్నవాళ్లు ఇఫ్లూనీ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ), ఉర్దూ వచ్చినవాళ్లు మనూనీ (మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీ) చూడాలి. మొన్నటి పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయంలో (తెలంగాణలో ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టారు) తెలుగు మాధ్యమంలో చదవొచ్చు. గోలకొండ పత్రిక నడిపిన సంపాదకుడి పేరున్న చోట జర్నలిజం చదవడం, అదో ముచ్చట.

(ఇ) దూరవిద్య. ఇగ్నోలో పీజీ డిప్లొమా, ఎంఏ రెండూ ఉన్నాయి. ఇప్పటికే ఏదో ఒక న్యూస్‌రూములో పనిచేస్తూ కాగితం మాత్రమే కావాల్సినవాళ్లకు ఇదే సరి. పని రానివాళ్లకు ఇది పని నేర్పదు.

(ఈ) జాతీయ స్థాయి సంస్థలు. ఢిల్లీలోని ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) 1965 నుంచి ఉంది, 2024లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. చెన్నైలో ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం ఉంది, అక్కడ ఫీజు లక్షల్లో ఉంటుంది, స్కాలర్‌షిప్పులూ ఉన్నాయి. ఇంగ్లిష్ జాతీయ మీడియాకు వెళ్లాలనుకుంటేనే ఈ ఖర్చుకు అర్థం.

(ఉ) స్థానిక ప్రైవేటు కాలేజీలు, ప్రైవేటు యూనివర్సిటీలు. పై నాలుగూ కుదరనప్పుడు చూడండి.

(ఊ) అమెరికా ఎంఎస్. మామూలు జర్నలిజం కోర్సుకు చదువయ్యాక అక్కడ పనిచేయడానికి దొరికే అనుమతి (ఓపీటీ) 12 నెలలే. కంప్యూటర్ సైన్స్ లాంటి స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సుల వాళ్లకు మరో 24 నెలల పొడిగింపు ఉంటుంది, మీకుండదు. పక్కింటి అబ్బాయి ఎంఎస్ అప్పు తీర్చాడు కదా అని అదే లెక్క మీకు వేయకండి.

ఇంటర్ అయినవాళ్లకు ప్రత్యేకంగా: మూడేళ్ల బీఏ జర్నలిజం కంటే ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం, కామర్స్, గణాంకాలు ఏదైనా ఒకటి డిగ్రీలో గట్టిగా చదివి, తర్వాత ఒకటి రెండేళ్ల జర్నలిజం పెట్టుకోవడం మంచిదంటాను. వార్త రాయడం ఏడాదిలో పట్టుబడుతుంది. బడ్జెట్ పత్రం చదవడం, కంపెనీ బ్యాలెన్స్ షీట్ చూడడం అలా పట్టుబడవు. పైగా మనసు మారితే బీకాం వాడికి ఇంకో నాలుగు ఉద్యోగాలుంటాయి. ప్రభుత్వ సంస్థలో తక్కువ ఫీజుకు బీఏ సీటొస్తే మాత్రం వదులుకోవద్దు.

4. అసలు ఖర్చు వేయండి

ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. చదివే రెండేళ్లలో మీరు సంపాదించకుండా వదులుకునే డబ్బు కూడా ఖర్చే. ఊహించిన అంకెలతో ఒక నమూనా చూడండి, మీవి మీరు మార్చుకోండి.

నగరంలో రెండేళ్ల ప్రైవేటు పీజీ:
- ఫీజు: 3,00,000
- హాస్టల్, భోజనం: నెలకు 8,000 చొప్పున 22 నెలలకు 1,76,000
- ల్యాప్‌టాప్, మైక్, ట్రైపాడ్: 70,000
- ప్రయాణాలు, ప్రాజెక్టులు: 24,000
- మొత్తం 5,70,000
- ఆ రెండేళ్లూ నెలకు 15,000 వచ్చే పని చేసుంటే వచ్చేది: 3,60,000
- అసలు ఖర్చు 9,30,000

అదే ప్రభుత్వ యూనివర్సిటీలో ఫీజు 40,000, మెస్సు నెలకు 4,000 చొప్పున 20 నెలలకు 80,000, ల్యాప్‌టాప్ 45,000, ఇతరం 24,000 అనుకుంటే 1,89,000. వదులుకున్న జీతం కలిపితే 5,49,000. రెండింటి మధ్య తేడా దాదాపు 3,80,000. ప్రైవేటు కాలేజీ ఆ తేడాకు తగ్గది ఏమిస్తోందని అడగండి. "స్టూడియో ఉంది" అంటే, ఒక్కో విద్యార్థికి వారానికి ఎన్ని గంటలు అందులో పని చేసే వీలుంటుందని అడగండి. తాళం వేసి ఉన్న స్టూడియోలు చాలా చోట్ల ఉన్నాయి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ లెక్కలోకి తీసుకునేటప్పుడు జాగ్రత్త. ఆ కోర్సుకు, ఆ కాలేజీకి, మీ కోటా సీటుకు వర్తిస్తుందో లేదో విడివిడిగా కనుక్కోవాలి. మేనేజ్‌మెంట్ సీటుకు రాదు. వచ్చేది కూడా ఆలస్యంగా వస్తే సర్టిఫికెట్ కోసం ముందు మీరే కట్టాల్సి రావచ్చు. అందుకే నమూనా లెక్క రీయింబర్స్‌మెంట్ లేకుండానే వేయండి, వస్తే సంతోషం.

5. మొదటి జీతం కనుక్కోండి

'ప్యాకేజీ' అన్న మాట దగ్గర మోసపోయేవాళ్లు ఎక్కువ. కాలేజీ బ్రోచర్‌లో ఉండేది అందరికంటే ఎక్కువ తెచ్చుకున్నవాడి జీతం. మీకు కావాల్సింది క్లాసులో మధ్యస్థంగా ఉన్నవాడి జీతం. ముగ్గురు పాత విద్యార్థులకు ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి:

- మీ బ్యాచ్‌లో ఎంతమంది? ఇప్పుడు వార్తల పనిలో ఎంతమంది ఉన్నారు?
- మొదటి నెల చేతికి ఎంత వచ్చింది? పీఎఫ్ పోనా, కలిపా?
- కాలేజీ చూపించిన ఉద్యోగమా, మీరే వెతుక్కున్నదా?
- జీతం ఏ తేదీకి పడుతుంది? గత మూడు నెలలూ పడిందా?
- మళ్లీ చేరమంటే అదే ఫీజు కట్టి చేరతారా?

నాలుగో ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి. చిన్న చానళ్లలో అంకె కంటే తేదీ ముఖ్యం. ఐదోదానికి అవతలి వాళ్లు వెంటనే జవాబు చెప్పకుండా నవ్వితే, ఆ నవ్వును కూడా నోటుబుక్కులో రాసుకోండి.

అపాయింట్‌మెంట్ లెటర్‌లో హోదా ఏమని రాస్తున్నారో కూడా తెలుసుకోవాలి. పాత్రికేయుల జీతాల స్కేళ్లు తేల్చడానికి కేంద్రం వేసిన మజీఠియా వేజ్ బోర్డు ఇచ్చిన సిఫారసులను 2014 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. అయినా కాంట్రాక్టు, కన్సల్టెంట్, ట్రైనీ అన్న పేర్లతో చేరినవాళ్లకు ఆ స్కేళ్లు అందడం గగనమే. ఏ స్కేలూ ఊహించుకోకుండా, చేతికొచ్చే డబ్బు మీదే లెక్క నడపండి.

6. అప్పు చేస్తే ఎంతవరకో తేల్చండి

విద్యా రుణం ఐదు లక్షలు, వడ్డీ 10 శాతం, ఏడాదికి రెండున్నర లక్షల చొప్పున తీసుకున్నారనుకుందాం. కోర్సు రెండేళ్లు, తర్వాత ఒక ఏడాది గడువు. ఈఎంఐ మొదలయ్యేసరికి సాధారణ వడ్డీయే 1,25,000 అవుతుంది. అంటే 6,25,000 మీద ఏడేళ్లు కట్టాలి, నెలకు దాదాపు 10,400. మొదటి జీతం చేతికి 20,000 అయితే సగానికి పైగా బ్యాంకుకే పోతుంది. మిగిలినదాంతో హైదరాబాద్‌లో గది, భోజనం, పెట్రోలు ఎలా సర్దుతారో మీరే వేసి చూడండి.

నేను చెప్పే హద్దు: ఈఎంఐ చేతికొచ్చే జీతంలో ఐదో వంతు దాటకూడదు. 20,000 జీతానికి 4,000 అన్నమాట. వెనక్కి లెక్కేస్తే ఇవే షరతులతో 1,90,000 కంటే ఎక్కువ అప్పు చేయకూడదు. ఇది బ్యాంకు నిబంధన కాదు, నా కొలత. ఇంట్లో ఇల్లు, తిండి దొరికేవాళ్లు కాస్త సడలించుకోవచ్చు.

వడ్డీ మీద ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని ఎవరైనా ఊరిస్తే పొంగిపోకండి. మొదటి జీతాల మీద అసలు పన్నే పడదు. తల్లిదండ్రులు తమ పేరున రుణం తీసుకుని, పాత పన్ను విధానంలో ఉంటేనే దానివల్ల ఏమైనా ఒరుగుతుంది.

7. ఫీజు కట్టే ముందు నెల రోజులు ఆ పని చేసి చూడండి

దీనికి పెద్దగా ఖర్చు లేదు, అయినా దాదాపు ఎవరూ చేయరు.

మొదటి వారం: సోమవారం కలెక్టరేట్లో ప్రజల అర్జీలు తీసుకునే ప్రజావాణికి (ఆంధ్రలో పీజీఆర్‌ఎస్) వెళ్లండి. అర్జీ పట్టుకొచ్చిన ఒకరితో మాట్లాడి, అధికారి వివరణ కూడా తీసుకుని 250 పదాల్లో వార్త రాయండి. అధికారి మొహం చాటేస్తే మళ్లీ వెళ్లండి. సగం వృత్తి అదే.

రెండో వారం: సమాచార హక్కు దరఖాస్తు ఒకటి వేయండి. మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజుల గడువు. ప్రశ్న ఎలా అడిగితే తప్పించుకోలేరో ఈ పనితో తెలుస్తుంది.

మూడో వారం: రోజుకొక ఇంగ్లిష్ వార్తను గంటలో తెలుగు చేయండి. మీరే టైప్ చేయాలి.

నాలుగో వారం: ఫోన్‌తో 90 సెకన్ల వీడియో కథనం ఒకటి.

అన్నీ తెలిసిన డెస్క్ మనిషికి చూపించి, "బాగుందా?" అని కాకుండా "ఇది మీ దగ్గరికొస్తే ఎన్ని వాక్యాలు తిరగరాస్తారు?" అని అడగండి. పేర్లు, తేదీలు, అంకెల్లో తప్పులుంటే విడిగా గుర్తించమనండి. భాష తర్వాతైనా మెరుగవుతుంది. అంకె సరిచూసుకునే అలవాటు లేనివాళ్లు మాత్రం డెస్కులో నలిగిపోతారు.

మూడో వారానికే విసుగొస్తే మంచిదే, లక్షలు మిగిలాయి.

8. కాలేజీని తనిఖీ చేయండి

యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) వెబ్‌సైట్‌లో యూనివర్సిటీ పేరు ఉందో చూడండి. దూరవిద్య అయితే ఆ ఏడాదికి, ఆ కోర్సుకే అనుమతి ఉండాలి, యూనివర్సిటీకి ఉంటే సరిపోదు. పక్క రాష్ట్రపు యూనివర్సిటీ పేరుతో మన ఊళ్లో రెండు గదుల్లో 'స్టడీ సెంటర్' నడుపుతున్నవాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. ఆ కాగితం ప్రభుత్వ నోటిఫికేషన్ దగ్గర చెల్లకపోతే రెండో అడుగులో వేసిన లెక్కంతా కొట్టుకుపోతుంది.

ఒక క్లాసులో వెనక కూర్చోనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే విద్యార్థులు నడిపే ల్యాబ్ పత్రిక ఈ ఏడాది సంచికలు చూపించమనండి. అవీ లేవంటే లేచి వచ్చేయండి.

తరచుగా జరిగే పొరపాట్లు

- ఇంటర్న్‌షిప్‌ను ఉద్యోగంగా లెక్కపెట్టడం. '100 శాతం ప్లేస్‌మెంట్' వెనక జీతం లేని ఇంటర్న్‌షిప్పులు దాక్కుంటాయి.
- తెలుగు, ఇంగ్లిష్ రెండూ అంతంతమాత్రంగా ఉండగా కోర్సు నేర్పిస్తుందనుకోవడం. ఏ కోర్సూ భాష నేర్పదు. ఆరు నెలలు ఆగి భాష బాగుచేసుకుని చేరడం చవక.
- పీఆర్, కంటెంట్ ఉద్యోగాల జీతాలు చూసి, చేరాల్సింది రిపోర్టింగ్‌లో అనుకోవడం. రెండూ వేరే గళ్లలో రాయండి.
- సీటు పోతుందన్న టెన్షన్‌తో అదే రోజు అడ్వాన్స్ కట్టేయడం.

లెక్క సరిగ్గా ఉందో లేదో ఇలా చూసుకోండి

మొదటి జీతాన్ని పావు వంతు తగ్గించి, ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యంగా వచ్చిందనుకుని మళ్లీ వేయండి. అప్పుడూ ఈఎంఐ ఐదో వంతులోనే ఉంటే లెక్క గట్టిది. మూడో వంతుకు చేరితే ఒక మెట్టు కిందికి, అంటే మూడో అడుగు జాబితాలో చవకైన దారికి దిగండి. ఇంట్లో ఈ చదువు ఇష్టం లేనివాళ్ల చేతికి కాగితమిచ్చి తప్పులు పట్టమనండి, అంతకంటే మంచి ఆడిటర్ దొరకరు.

ఇప్పటికే ఫీజు కట్టేసి ఇది చదువుతుంటే తేదీలు చూసుకోండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే మొత్తం ఫీజు (ప్రాసెసింగ్ కింద 5 శాతం వరకు, 5,000 మించకుండా పట్టుకోవచ్చు), ఆ 15 రోజుల లోపు అయితే 90 శాతం వెనక్కివ్వాలి. చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు సగం. ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని విద్యా సంవత్సరాలకు యూజీసీ ఇంకా ఉదారమైన గడువులు ప్రకటించింది కాబట్టి ఈ ఏడాది సర్క్యులర్ కూడా వెతకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర ఉంచుకునే హక్కు కాలేజీకి లేదు. మానుకుంటున్నట్టు దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, తేదీతో అందినట్టు సంతకం తీసుకోండి, ఈమెయిల్ కూడా పంపండి.